జీపు టాపూ, రెండు గుమ్మడికాయలూ

నా చేతి అతుకు ఊడలేదు. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను. ఈ సంగతి ఎప్పుడు చెప్పినా ఎవరో ఒకరు "అంటే వెల్డింగ్ ఊడిపోయిందా అక్కా?" అని మధ్యలో అడుగుతారు, నాకు ఒళ్లు మండిపోతుంది. బచేలిలో రోడ్డు పక్క షెడ్డులో ముప్పై ఏళ్లు వెల్డింగ్ చేశాను. నా అతుకు ఊడిందని ఒక్కరూ బండి వెనక్కి తీసుకురాలేదు. తప్పు మరోచోట జరిగింది. చేసింది మాత్రం నేనే.

ఇప్పుడు కళ్లు ఆ వెలుగుకి ఓర్చుకోలేవు, మోకాళ్లు వంగమంటే వంగవు, అందుకని పని మానేశాను. అయినా ఫోన్లు ఆగవు. పాత జీపులు కొని, గుడ్డ టాపు పీకేసి, ఇనప టాపు కట్టించుకుని, అడవి రోడ్ల మీద తిరిగి ఫోటోలు పెట్టే కుర్రాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. జగదల్‌పూర్ నుంచి ఒకడు, దంతెవాడ నుంచి ఒకడు, అందరిదీ ఒకటే ప్రశ్న: "అక్కా, ఎంత లావు పైపు వెయ్యాలి?" లావు అడిగినవాడికి లావు చెప్పి ఊరుకుంటే నాకు పాపం తగులుతుంది. అందుకే మొత్తం చెబుతున్నాను. కాస్త ఓపికగా వినండి, చదువుకున్న పిల్లలు కదా.

మా నాన్నది విజయనగరం వైపు. గనుల దగ్గర పని దొరుకుతుందని బచేలి వచ్చి వెల్డర్‌గా స్థిరపడ్డాడు. కొడుకులు లేరు కాబట్టి నాకు పని నేర్పాడని జనం అనుకుంటారు. అదేం కాదు. ఇంట్లో నా నోటికి తట్టుకోలేక మా అమ్మే నన్ను షెడ్డుకి తోలేసింది. నాన్న తర్వాత షెడ్డులో మిగిలింది నేనూ, రేకు పని చేసే దాదా. దాదా అంటే ఇక్కడివాళ్ల హల్బీ భాషలో అన్న. నాకన్నా పదిహేనేళ్లు పెద్ద, మాటల దగ్గర పరమ పిసినారి. నన్ను 'నోనీ' అని పిలిచేవాడు, అమ్మాయీ అని. నాకు యాభై దాటినా ఆయనకి నోనీనే.

మా షెడ్డుకి ఒక ఆచారం ఉండేది. జీపుకి టాపు కట్టడం పూర్తయితే, బండి అప్పజెప్పే ముందు అందరం దాని మీదికెక్కి గెంతాలి. నేను, దాదా, బండి యజమాని, పక్క టీకొట్టువాళ్లు, పంక్చర్ల దుకాణం అతను, దారిన పోయేవాళ్లు కూడా. ఎవరైనా డప్పు తెస్తే ఇంకా మంచిది. పదిమంది గెంతినా టాపు వంగకపోతే పాసైనట్టు. ఈ పరీక్ష ఎందుకు పుట్టిందో మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. సంత రోజు జీపు లోపల ఎంతమంది ఉంటారో పైన అంతమంది ఉంటారు. ఇప్పపూల బుట్టలు, పందెం కోళ్లు, ఒక్కోసారి మేకపిల్ల కూడా పైనే. కాబట్టి టాపు గట్టిదా కాదా అంటే, పైనుంచి ఎంత బరువు మోస్తుందనే మా లెక్క. పక్కనుంచి ఆలోచించాల్సిన పని ఎవరికీ పడలేదు.

ఒక ఏడాది వానలు తగ్గాక భోపాల్‌పట్నం నుంచి ఒక డ్రైవరు వచ్చాడు. వేలంలో కొన్న పాత జీపు, పైన గుడ్డ టాపు చినిగి పేలికలైంది. మనిషి సన్నగా, ఎప్పుడూ నవ్వు మొహంతో ఉన్నాడు. ఉసూర్ వైపు పల్లెలకు జనాన్ని తిప్పుతానని చెప్పాడు.

"అక్కా, గట్టి ఇనుప టాపు కావాలె. ఎంత గట్టిగుండాలె అంటే, మా ఇంటామె ఎక్కేటంత."

"మీ ఆవిడ అంత బరువేటి?" అన్నాను.

నవ్వాడు గానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. "బరువు కాదక్కా, భయం. నా బండి ఎక్కుతనే లేదు."

ఆయన భార్య సర్కారు నర్సు. ఊళ్లు తిరిగి పసిపిల్లలకు టీకాలు వేస్తుంది. రెండేళ్ల కిందట వేరే ఎవరిదో జీపులో మందుపెట్టె పెట్టుకుని పోతుంటే, కల్వర్టు అంచు దిగి బండి తిరగబడింది. అదీ గుడ్డ టాపు బండే. పైన కమ్మీలు ముడుచుకుపోయి, లోపలున్నవాళ్ల మీద బండి కూర్చుంది. ఈమెకి మెడ దగ్గర ఎముక విరిగింది. పక్కనున్న ఆయా మళ్లీ లేచి నడవలేదు. ఆ రోజు నుంచి ఈమె ఏ జీపూ ఎక్కదు, మొగుడిదైనా సరే.

"నేను బండేసుకొని పోతాంటె ఆమె రోడ్డు పక్కపొంటి నడుస్తది అక్కా, పెట్టె భుజానికేసుకొని. ఊరంత నవ్వుతాంది. నవ్వితె నవ్వనీ. గని దూరం ఊర్లకు నడిచిపొయ్యేసరికి పెట్టెల ఐసు కరిగిపోతాంది. ఐసు కరిగితె మందు పనికిరాదంట. ఆఖరి నాలుగైదు ఊర్ల పిల్లలకు సూదులు అందుతనే లెవ్వు."

అదీ విషయం. ఆయనకు టాపు కావాలి, ఆమెకు ధైర్యం కావాలి, ఆ ఊళ్ల పిల్లలకు ఐసు కరగని మందు కావాలి. నాకైతే రొమ్ము విరుచుకోడానికి ఒక అవకాశం కావాలి. "బండి వదిలేసి పో తమ్ముడూ. మీ ఆవిడే వచ్చి నన్ను పొగుడుతుంది చూడు" అన్నాను.

నాలుగు నీళ్ల పైపులు నిలబెట్టాను. వాటి కాళ్లు బండి అడుగు రేకుకి అతికాను. పైన యాంగిల్ ఫ్రేము, దాని మీద దాదా కొట్టిన రేకు, ఆ పైన మనుషులు కూర్చోడానికి క్యారియర్, వెనక నిచ్చెన. ఎర్ర రంగు వేయించాను. చూడముచ్చటగా ఉంది, ఈ రోజుకీ ఆ మాట అంటాను.

అప్పజెప్పే రోజు నర్సమ్మ కూడా బస్సులో వచ్చింది. పొట్టి మనిషి, చేతిలో గొడుగు. మేం పద్నాలుగు మందిమి టాపెక్కాం. డప్పు కూడా దొరికింది. డ్రైవరు అందరికన్నా ఎక్కువ గెంతాడు, పైనుంచి "చూడవే, చూడు!" అని అరుస్తూ. టాపు ఇంత కూడా కదల్లేదు. ఆమె మాత్రం మా గెంతులవైపు చూడలేదు. వంగి బండి లోపలికి చూస్తూ నిలబడింది.

మేం దిగాక అడిగింది. "అక్కా, బండి పడ్డప్పుడు టాపు మీద ఎవలు గెంతుతరు?"

"ఎవరూ గెంతరు. అయినా పద్నాలుగు మందిని మోసింది, బండిని మొయ్యదా?"

"బండి పైకెగిరి నిలువునా తలకిందులు పడదు అక్కా. ముందుగాల పక్కకు ఒరుగుతది. ఇగో, ఈ మూల నేలకు తాకుతది. బరువంత ఈ మూల మీదనే. పక్కకెల్లి నూకితె ఏమైతదో చూసినవా?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పద్నాలుగు మంది ముందు అడిగేసరికి ఇంకా రెచ్చిపోయాను. "నువ్వు సూదులేసే సిస్టరువా, ఇంజనీరువా? పాతికేళ్ల నించి ఇదే పని నాది. నువ్వేటి చూశావు?"

"నేను దాని కింద గంటసేపున్న అక్కా. అదే చూసిన" అంది. గొంతు కూడా పెంచలేదు.

ఈలోపు దాదా చైను పుల్లీ తెచ్చి, ఒక కొస టాపు మూలకి, ఇంకో కొస షెడ్డు స్తంభానికి తగిలించి, పక్కకి లాగడం మొదలుపెట్టాడు. కిర్రుమంది. టాపు మొత్తం అలా ఒరిగిపోతూ వచ్చింది. నాలుగు పైపుల కాళ్ల దగ్గరా అడుగు రేకు లేచిపోయింది. నా అతుకులు నాలుగూ చెక్కు చెదరలేదు, అతుక్కున్న రేకే చిరిగిపోయింది. తుప్పు పట్టిన పాత బండి రేకు, దాన్ని నమ్ముకుని పైపులు నిలబెట్టాను! చూస్తుండగానే సీటుకీ టాపుకీ మధ్య మనిషి తల ఉండాల్సిన చోటు మూసుకుపోయింది. డప్పు కొట్టేవాడు డప్పు చంకలో పెట్టుకుని నెమ్మదిగా జారుకున్నాడు.

"గింతేనా అక్కా?" అన్నాడు డ్రైవరు. నర్సమ్మ బస్సు టైమైందని గొడుగు తీసుకుని వెళ్లిపోయింది. నాలుగు తిట్టి పోయినా బాగుండేది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ రోజు దాదాని నోటికొచ్చినట్టు అన్నాను. అందరి ముందూ లాగి చూపించడం ఏమిటని, నీకు నా మీద ఏం పగ అని. ఆయన తలొంచుకుని రేకు ముక్కలు ఏరుకున్నాడు. మర్నాడు పొద్దున్న నేను వచ్చేసరికి షెడ్డు ముందు మట్టిలో నాలుగు వెదురు కర్రలు పాతి, పైన చిన్న తడక కట్టి పెట్టాడు. బొమ్మ మంచె. దాదా మాట సగం హల్బీ, సగం హిందీ, మధ్యలో తెలుగు. మీ కోసం తెలుగులోనే చెబుతున్నాను.

"నోనీ, మా చేను కాపలా మంచె ఇలాగే కడతాం. పైన కూర్చో."

"విరుగుతుంది."

"చెయ్యి పెట్టి నొక్కు, పోనీ."

నొక్కాను. కదల్లేదు. "ఇప్పుడు పక్కనుంచి తొయ్యి" అన్నాడు. తోశాను. మొత్తం వాలిపోయింది. ఆయన దాన్ని లేపి, మూల నుంచి మూలకి ఏటవాలుగా రెండేసి కర్రలు కట్టి, "ఇప్పుడు తొయ్యి" అన్నాడు. రెండు చేతులూ పెట్టి తోశాను. లాభం లేకపోయింది. "గాలికి మంచె పడిపోకుండా ఇలా కడతాం. మా ఊళ్లో చిన్నపిల్లలకీ తెలుసు."

"మరి ఇన్నేళ్లుగా నేను టాపులు కడుతుంటే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు కదా" అన్నాడు దాదా, చాలా మామూలుగా. ఆ మనిషిని ఏం చెయ్యాలి, చెప్పండి!

ఇక్కడితో నాకు బుద్ధొచ్చిందనుకుంటున్నారా? రాలేదు. పరువు పోయిన మనిషి మధ్యలో ఆగదు. ఈసారి పైపులు రెండింతల లావువి తెచ్చాను. టాపుకి రేకు బదులు మందపాటి ప్లేటు వేశాను. గనుల ఊళ్లో పెరిగినవాళ్లం, మాకు కనబడే ఇనుమంతా అంతంత మందం ఉంటుంది, దాంతో మందంగా ఉంటే చాలు గట్టిదని ఒక నమ్మకం. పాత క్యారియర్ మళ్లీ పైన పెట్టాను. దాదా తల గోక్కున్నాడు. నేను అడగలేదు కాబట్టి ఏం చెప్పలేదు.

డ్రైవరు బండి ఒక చుట్టు తిప్పడానికి తీసుకెళ్లి, గంటలోపే తిరిగొచ్చాడు. నవ్వు మొహం లేదు. చెమటలు కారుతున్నాయి.

"ఏంది అక్కా ఇది! మూల తిరుగుతాంటె బండి సల్ఫీ కల్లు తాగినోని లెక్క ఊగుతాంది. నేను పడితె ఈ టాపు నన్ను బతికిస్తదేమో. గని నన్ను పడగొట్టేదే ఈ టాపు!"

పిల్లలూ, పైపు లావు అడిగేవాళ్లు ఈ మాట దగ్గర ఆగండి. పాత జీపుకి వెడల్పు తక్కువ, పైగా నేలకి ఎత్తు మీద ఉంటుంది. పైన ఇనుము పేర్చిన కొద్దీ పక్కకి ఒరగడానికి సిద్ధంగా ఉంటుంది. పడితే కాపాడే టాపు, ముందు పడకుండా ఉండనివ్వాలి. నాకు ఆ సంగతి ఒక డ్రైవరు చెమటలు తుడుచుకుంటూ చెప్పాడు. ఆ సాయంత్రం మొదటిసారి దాదా ముందు కూర్చుని, "ఏం చేద్దాం, చెప్పు" అని అడిగాను. ఆయన గంటసేపు మాట్లాడాడు! ఈ మనిషిలో ఇన్ని మాటలు ఉన్నాయా అని నాకే ఆశ్చర్యమేసింది.

అంతా కోసేసి మళ్లీ మొదలుపెట్టాం. మధ్యరకం లావున్న, అతుకు లేని పైపు తెచ్చాం. లోపల ఎండిన ఇసుక దట్టంగా కూరి, రెండు కొసలూ బిగించి, కాల్చి వంచాం. ఇసుక లేకపోతే వంపు దగ్గర పైపు నొక్కుకుపోతుంది. ముందు సీట్ల వెనక ఒక పెద్ద కమాను, అద్దం దగ్గర ఇంకో కమాను, రెండింటినీ కలుపుతూ పైపులు, వెనక్కి ఏటవాలు కాళ్లు, పెద్ద కమానులో మూల నుంచి మూలకి దాదా మంచె కర్ర. అన్ని కాళ్లనీ అడుగు రేకు మీద కాకుండా కింద ఛాసిస్‌కి పట్టీలు వేసి బోల్టులతో బిగించాం. తల తగిలే చోటల్లా మెత్తలు చుట్టాం. పైన దాదా పల్చటి రేకు కొట్టి, గట్టిదనం కోసం దానికి పొడుగ్గా గాడులు నొక్కాడు. పాత కార్ల నుంచి విప్పినవి కాకుండా కొత్త సీటు బెల్టులే తెప్పించాం.

క్యారియర్ దగ్గర గొడవైంది.

"అది తీసేస్తె సంత రోజు జనం యాడ కూసోవాలె?" అన్నాడు డ్రైవరు.

"లోపల."

"లోపల పట్టరక్కా!"

"పట్టినంతమందే ఎక్కుతారు. పైన మనుషులుంటే కింద నేను చేసిందంతా దండగ."

"టాపు మీద కూసోకపోతె మా ఊరోళ్లకు సంతకు పోయినట్టే ఉండదు. నన్ను తిడ్తరు."

"నా పేరు చెప్పు, నన్ను తిడతారు" అని గ్రైండరు ఆన్ చేశాను. నిప్పురవ్వలు లేస్తుంటే ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. కోసిన క్యారియర్ చాలాకాలం మా షెడ్డు వెనక చిక్కుడు తీగకి పందిరిగా పనికొచ్చింది.

తర్వాత నర్సమ్మకి నేనే ఫోన్ చేశాను. "సిస్టరూ, ఒకసారి రా. పక్కకి లాగి చూపిస్తాను."

"లాగుడొద్దక్కా. తిప్పెయ్యి. నా కండ్ల ముందట బండి తిప్పేసి చూపియ్యి. అప్పుడు ఎక్కుత."

డ్రైవరు ఈ మాట విని నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడ్డాడు. "ఎవడన్న తన బండిని తనే తిప్పేసుకుంటడా అక్కా? రంగు కూడ ఆరలే!"

ఆదివారం పెట్టుకున్నాం. షెడ్డు పక్క వరి కోసేసిన పొలం ఉంది, రోడ్డు కన్నా నడుమెత్తు పల్లం. బండిలోంచి డీజిలు, నూనెలు తీసేశాం, బ్యాటరీ విప్పేశాం, ముందు అద్దం తీసి పక్కన పెట్టాం. రోడ్డు అంచున బండిని నిలబెట్టి, చెడిపోయిన బండ్లు లాగే క్రేను తెప్పించాం. వార్త ఎలా పాకిందో గానీ సగం బచేలి అక్కడే ఉంది. పల్లీలు అమ్మేవాడు కూడా వచ్చాడు.

నర్సమ్మ గోనెసంచితో దిగింది. అందులో రెండు తియ్య గుమ్మడికాయలు, వాళ్ల పెరట్లో కాసినవి. ఒకదానికి బొగ్గుతో కళ్లు, మీసం గీసింది. రెండోదానికి కళ్లు గీసి కుంకుమ బొట్టు పెట్టింది. "ఇది నువ్వు, ఇది నేను" అని మొగుడికి చూపించింది. జనం ఒకటే నవ్వు. బొట్టు గుమ్మడికాయని ఎడమ సీట్లో పెట్టి, తువ్వాలు చుట్టి, బెల్టు బిగించింది. మీసం గుమ్మడికాయకి బెల్టు పెట్టబోతే డ్రైవరు అడ్డం పడ్డాడు.

"డ్రైవరుకు బెల్టెందుకు? వెనకకు తొంగి చూడాలె, దిగాలె, ఎక్కాలె. నేను స్టీరింగు పట్టుకొనుంట."

"గుమ్మడికాయకు చేతులు యాడియి?" అంది ఆమె.

"నా గుమ్మడికాయ, నా ఇష్టం."

"సరే, నీ ఇష్టం" అని వదిలేసింది. దాదా మాత్రం ఒక వెదురు బద్ద తీసి, సీటు మీది నుంచి టాపుకి కొలిచి, సరిగ్గా అంత పొడవుకి కోసుకుని చంకలో పెట్టుకున్నాడు. ఆయన పరీక్ష ఆయనది.

క్రేను బండిని ఒక పక్కనుంచి ఎత్తింది. చక్రాలు లేచాయి. బండి అలా నిలబడి ఒక్క క్షణం ఆలోచించుకుని, పడింది. ముందు మూల నేలకి కొట్టుకుంది, అచ్చం నర్సమ్మ చెప్పిన మూలే. అక్కడినుంచి దొర్లి పూర్తిగా తలకిందులై ఆగింది. దుమ్ము లేచింది. డ్రైవరు కళ్లు మూసుకున్నాడు. నిజం చెబుతున్నాను, ముప్పై ఏళ్లలో నా పని చూసి నేను భయపడ్డది ఆ ఒక్కసారే.

దాదా వెళ్లి పొలంలో బోర్లా పడుకుని, వెదురు బద్ద లోపలికి దూర్చాడు. "పట్టింది" అన్నాడు. నర్సమ్మ ఆయన్ని నమ్మలేదు. చీర కుచ్చిళ్లు దోపుకుని తనూ పడుకుని, బద్ద లాక్కుని, రెండు సీట్ల దగ్గరా తనే కొలిచింది. డ్రైవరు వైపు ఒక వేలెడు తగ్గింది, అంతే. తను ఒకసారి గంటసేపు ఇరుక్కున్నది అలాంటి చోటే. అక్కడ చేతిని అటూ ఇటూ ఆడించి చూసింది. చాలాసేపు చూసింది.

బొట్టు గుమ్మడికాయ బెల్టుకి తలకిందులుగా వేలాడుతోంది. చిన్న గీత కూడా లేదు. మీసం గుమ్మడికాయ మాత్రం బండంతా ఉంది. గింజలు టాపు నిండా, గుజ్జు స్టీరింగు మీద, మీసం ఉన్న ముక్క గేరు రాడ్డు దగ్గర.

"బండికి దిష్టి తీసేసినట్టే!" అని గుంపులోంచి ఎవరో అరిచారు. అందరూ పకపకా నవ్వారు, డ్రైవరు తప్ప. ఆయన వంగి, మీసం ముక్క చేతిలోకి తీసుకుని అలాగే నిలబడ్డాడు.

"చూసినవా?" అంది భార్య.

"చూసిన" అన్నాడు. ఆ తర్వాత ఆయన బెల్టు గురించి ఎవరితోనూ వాదించినట్టు నేను వినలేదు.

మిగిలిన గుమ్మడికాయని షెడ్డులోనే బెల్లం వేసి వండుకుని తిన్నాం. పగిలినదాని గింజలు నర్సమ్మ కొంగున మూటగట్టుకుంది. బండిని లేపి నిలబెట్టాక, వేలెడు వంగిన కమాను కోసేసి కొత్తది వేశాను. డ్రైవరు సుత్తితో సరిచేద్దామన్నాడు. ఒకసారి దెబ్బ తిన్న పైపుని సరిచేసి మనుషుల్ని కూర్చోబెట్టడం నా వల్ల కాదన్నాను. ఆర్టీవో ఆఫీసులో చూపించి, మార్పులు కాగితం మీద రాయించుకున్నాకే బండి రోడ్డెక్కింది. ఇప్పటి కుర్రాళ్లు ఫోటో ముందు, కాగితం తర్వాత అంటారు. వినకండి.

తీసుకెళ్లే రోజు నర్సమ్మ బండి చుట్టూ ఒకసారి తిరిగింది. మంచె కర్ర పట్టుకుని ఊపింది. మందుపెట్టె వెనక పెట్టింది. తర్వాత ఎడమ సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. బెల్టు బిగిందో లేదో రెండుసార్లు లాగి చూసుకుంది. మేమెవరం చూడనట్టు నటించాం. డ్రైవరు తన బెల్టు తనే పెట్టుకుని, పెళ్లికొడుకులా ముందుకి చూస్తూ కూర్చున్నాడు. రాత్రికల్లా ఆమె ఫోన్ వచ్చింది: "అక్కా, దారంత ఎడ్లబండి లెక్క తోలిండు. ఇంతకన్న నడిచే పోదును!" ఆమె నవ్వు వినడం నాకు అదే మొదటిసారి.

షెడ్డులో గెంతే ఆచారం ఆ రోజుతో పోయింది. డప్పువాడు బాధపడ్డాడు. దాదా వెదురు బద్ద గోడకి మేకు మీద వేలాడింది. ఆ తర్వాత ఏ బండికి టాపు కట్టినా పక్కకి లాగడం, దాన్ని పెట్టి కొలవడం, అదే మా పరీక్ష.

రెండు వానాకాలాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం వాన తెరిపిచ్చినప్పుడు ట్రాలీకి అతుకు వేస్తుంటే ఫోన్ మోగింది. డ్రైవరు.

"అక్కా..." అని ఆగాడు. ఊపిరి వినబడుతోంది. "బండి తిరగబడ్డది."

ఉసూర్ దాటాక ఎక్కడో వాగు దగ్గర రోడ్డు అంచు కోసుకుపోయిందట. ఎవరెవరు ఉన్నారు బండిలో అని కూడా అడగలేదు. నా పైపులు, నా వంపులు, నా బోల్టులు ఒక్కొక్కటే కళ్ల ముందు తిరిగాయి. ఎక్కడైనా బిగించడం మర్చిపోయానా అనుకున్నాను. అటు ఫోన్ చేతులు మారిన చప్పుడైంది.

"అక్కా" అంది నర్సమ్మ. "గుమ్మడికాయలు రెండు మంచిగనే ఉన్నయి."

నేను ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను.

"ఇంటున్నవా అక్కా? ఒక గీత గీసుకపోలే. మందుపెట్టెకు కూడ బెల్టు కట్టిన, అది కూడ మంచిగనే ఉన్నది. ఊరు గీ గుట్ట అవుతలనే, ఐసు కరగకముందు నడిచిపోవాలె. ఉంట మరి" అని పెట్టేసింది.

నేను భోరుమని ఏడ్చాను. ఏడుస్తూనే నవ్వాను. దాదా పరుగెత్తుకొచ్చి "ఏమైంది నోనీ?" అని అడిగితే, చెప్పాను, వాక్యాలు సరిగ్గా రాలేదు గానీ చెప్పాను. ఆయన మొత్తం విన్నాడు. "వంగిన కమాను మళ్లీ మార్చాలి" అన్నాడు. తర్వాత వెళ్లి మూలనున్న కొత్త పైపు ఒకటి తీసుకొచ్చి, కొస మూసి, అందులో ఎండిన ఇసుక పోయడం మొదలుపెట్టాడు.